మా డబ్బాలో గవ్వలు మన సముద్రానివి కావు

ముందే చెప్పేస్తున్నాను. మన ఇళ్ళల్లో అష్టాచెమ్మా ఆడుకునే లేత పసుపు రంగు చిన్న గవ్వలు గోదావరి ఒడ్డున పుట్టినవి కావు. కోనసీమలో పుట్టి పెరిగి, ఊహ తెలిసినప్పటి నుంచీ వాటిని చూస్తున్నవాళ్ళకి ఈ మాట మింగుడుపడదు. మా మనవరాలికైతే అస్సలు నచ్చలేదు.

వేసవి సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చింది. కరెంటు పోయి, ఫోన్‌లో చార్జింగ్ కూడా అయిపోతే ఇక తాతే దిక్కు కాబట్టి, అటక మీద నుంచి మా మామ్మ నాటి బిస్కట్ల డబ్బా దింపాను. గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, నాలుగు గవ్వలు చేతికిచ్చాను. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. రెండు ఆటలకే పిల్లకి పిచ్చి పట్టింది. "తాతయ్యా, ఓడలరేవు వెళ్ళినప్పుడు ఇంకో గుప్పెడు ఏరుకొద్దాం" అంది. అక్కడ ఉండవే అంటే వినలేదు. వెళ్ళి చీకటి పడేదాకా ఏరింది. తెల్ల చిప్పలు దొరికాయి, పొడుగు గుల్లలు దొరికాయి, లోపల పీత కాపురం ఉంటున్న నత్తగుల్ల ఒకటి దొరికింది. డబ్బాలో ఉన్న రకం గవ్వ ఒక్కటంటే ఒక్కటి లేదు.

అందుకు కారణం మన గోదారే. ఈ గవ్వ పురుగుకి పగడపు దిబ్బలు కావాలి, రాళ్ళు కావాలి, అడుగు కనిపించేంత తేటగా ఉండే లోతు తక్కువ ఉప్పునీళ్ళు కావాలి. రాళ్ళ మీద పట్టే నాచు గోక్కుని తిని బతుకుతుంది. మన దగ్గర రాయెక్కడిది? గౌతమి, వశిష్ఠ, వైనతేయ మోసుకొచ్చి పోసిన ఒండ్రు మీదే కదా మన ఊళ్ళన్నీ కూర్చున్నాయి. వరదల్లో ధవళేశ్వరం గేట్లెత్తారంటే సముద్రం కూడా ఎర్రబడుతుంది. మంచినీళ్ళు కలిసే చోట, మట్టి దిగే చోట పగడం పెరగదు. కోరంగి వైపు వెళ్తే మడ అడవుల బురద. ఆ బురదలో బతికే నత్తలు వేరు, అవి కోకొల్లలు. ఈ గవ్వ ఊళ్ళు వేరే ఉన్నాయి: మాల్దీవులు, లక్షద్వీప్, అండమాన్, ఇటు రామేశ్వరం పక్కన మన్నారు సింధుశాఖ. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి పసిఫిక్ దీవుల దాకా వెచ్చటి సముద్రాలన్నిట్లోనూ ఉంటుంది.

తీర్థంలో గవ్వలూ శంఖాలూ అమ్మే ఆవిడని అడిగాను. దాచుకోలేదు. "ఇక్కడియ్యి కాదండి బాబూ, రామేశ్వరం సరుకండి. కేజీల్లెక్కన దింపుకుంటామండి" అంది.

శాస్త్రంలో దీని పేరు మోనెటేరియా మోనెటా. జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో దీన్ని నమోదు చేసినప్పుడే పేరులో డబ్బు పెట్టాడు. ఎందుకు పెట్టాడో తర్వాత చెప్తాను. ముందు ఒకటి తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూడండి. పొడవు రెండు సెంటీమీటర్ల చిల్లర. అటు గుండ్రమూ కాదు, ఇటు కోలా కాదు. ఒక కొస వెడల్పుగా ఉండి, అంచుల్లో బుడిపెలు కట్టి ఉంటాయి. వీపు లేత పసుపు. కొత్తదైతే వీపు మీద అడ్డంగా బూడిద రంగు చారలు లీలగా కనిపిస్తాయి. తిప్పితే అడుగు తెల్లగా, బల్లపరుపుగా ఉంటుంది. మధ్యలో నిలువునా సన్నటి చీలిక, దానికి అటూ ఇటూ పళ్ళు. గోరుతో ఆ పళ్ళ మీద గీకితే టిర్రుమంటుంది. మా డబ్బాలోవాటికి వీపు అరిగిపోయి, బుడిపెల దగ్గర మాత్రమే పసుపు మిగిలింది. మామ్మ, మా మేనత్తలు, మా అక్కలు, అందరి చేతుల్లోనూ నలిగినవి మరి.

ఆ మెరుపు ఎవరో పెట్టిన పాలిష్ కాదు. ప్రాణం ఉన్నప్పుడు లోపలి మెత్తటి పొర చీలికలోంచి రెండు రెక్కలుగా బయటికొచ్చి, శాలువా కప్పుకున్నట్టు రెండు పక్కల నుంచీ పెంకుని కప్పేస్తుంది. దాన్ని మాంటిల్ అంటారు. పెంకు పైన ఎప్పటికప్పుడు నున్నటి సున్నపు పూత పూసేది ఆ పొరే. మిగతా గుల్లల మీద నాచు పడుతుంది, గీతలు పడతాయి, గరుకు తేలుతుంది. దీని పెంకు బయట ఉన్నా లోపల ఉన్నట్టే లెక్క, అందుకే గాజులా ఉంటుంది.

పెరగడం కూడా చిత్రమే. చిన్నప్పుడు మామూలు నత్తలాగే పలచటి చుట్ట, వెడల్పాటి నోరు. చూస్తే గవ్వ అని ఎవరూ అనుకోరు. వయసుకి వచ్చేసరికి చివరి చుట్టు మిగతా చుట్లన్నిటినీ తనలో కలిపేసుకుంటుంది. పెదవి లోపలికి మడుచుకుని పళ్ళు కడుతుంది. అక్కడితో పొడవు ఆగిపోతుంది, ఇక దళసరి ఎక్కడమే. చాలా నత్తలకి నోటికి మూత ఉంటుంది, ఎదిగిన గవ్వకి ఉండదు. అంత సన్నటి చీలిక ఉన్నాక మూతెందుకు? ఆడది గుడ్లు పెట్టి వాటి మీదే కూర్చుని కాపలా కాస్తుంది. నత్త జాతిలో అంత బాధ్యత నేను ఊహించలేదు.

ఇక డబ్బు సంగతి. నా ఉద్యోగమంతా బ్యాంకులోనే గడిచింది, అందులో ఎక్కువ భాగం క్యాష్ కౌంటర్లో. చేతిలో చిల్లిగవ్వ లేదని లోను కోసం వచ్చేవాళ్ళని చూశాను. లెక్కపెట్టలేనంత తెచ్చి కౌంటర్ మీద కుమ్మరించేవాళ్ళనీ చూశాను. దగ్గర్లో ఒక గుడి హుండీ లెక్కింపుకి మా బ్రాంచి నుంచి మనుషులు వెళ్ళేవాళ్ళం. పట్టా మీద గుమ్మరిస్తే బిళ్ళలు, నోట్లు, వెండి కళ్ళు, మంగళసూత్రాలు, వాటి మధ్య ఎప్పుడూ కొన్ని గవ్వలు. ఎవరి మొక్కో. వోచరులో వాటికి కాలమ్ లేదు కాబట్టి గుమాస్తా పక్కకి నెట్టేసేవాడు. ఆ పక్కకి నెట్టేసినవే కొన్ని వందల ఏళ్ళు మన దేశంలో సగం సంతలు నడిపాయని చదివిన దగ్గర నుంచీ నాకు వాటి మీద గౌరవం పెరిగింది.

క్యాషియరుగా చెప్తున్నాను, గవ్వ మంచి డబ్బు. చిరగదు, తుప్పు పట్టదు, చెద పట్టదు, తడిస్తే పాడవదు. దొంగ గవ్వ తయారు చేయడం ఆ రోజుల్లో అసలు గవ్వ తేవడం కంటే ఖర్చు. మూతి చూసి, వీపు చూసి చదువురానివాళ్ళు కూడా గుర్తుపడతారు. చీకట్లో తడిమినా తెలుస్తుంది. మా స్ట్రాంగ్ రూములో చేతిలోకి తీసుకుంటేనే పొడి రాలే పాత నోట్ల కట్టలతో కుస్తీ పట్టిన నాకు ఇవేమీ చిన్న గుణాలు కావు.

టంకశాల మాల్దీవుల సముద్రం. 1343 ప్రాంతంలో అక్కడికి వెళ్ళి కాజీ ఉద్యోగం కూడా చేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బటూటా ఆ పద్ధతంతా రాసిపెట్టాడు. సముద్రంలోంచి ఏరుకొచ్చి గుంటల్లో వేస్తారు. లోపలి మాంసం కుళ్ళి పోయాక గుల్ల మిగులుతుంది. అవే నాణాలు. వాటిని బెంగాల్ వాళ్ళకిచ్చి బియ్యం కొనుక్కుంటారు. 1602లో ఓడ బద్దలై అదే దీవుల్లో చిక్కుకుపోయిన పిరార్డ్ అనే ఫ్రెంచివాడు ఇంకొంచెం దగ్గరగా చూశాడు. అమావాస్యకీ పౌర్ణమికీ ముందూ వెనకా కొద్ది రోజులు ఆడవాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో దిగి ఏరేవారట. పోటుపాట్లు తెలిసిన మన తీరం వాళ్ళకి ఆ రోజులే ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. ఏరినవాటిని కొబ్బరాకు బుట్టల్లో పన్నెండు వేల చొప్పున కట్టేవారు. బుట్టంటే బుట్టే లెక్క, విప్పి లెక్కపెట్టే పని లేదు. మా బ్యాంకులో వంద నోట్ల ప్యాకెట్టు మీద చీటీ వేసి సంతకం పెట్టే పద్ధతికీ దీనికీ తేడా కొబ్బరాకే. ఒక్క ఏడాదిలో ముప్పై నలభై ఓడలు వేరే సరుకేమీ లేకుండా గవ్వలతోనే బెంగాల్ వెళ్ళడం చూశానని రాశాడు. మాల్దీవుల్లో వరి పండదు. బెంగాల్లో ఈ గవ్వ పుట్టదు. కొబ్బరీ వరీ రెండూ ఒకే గట్టుకి అటూ ఇటూ పండించుకునే మన కోనసీమ వాడికి ఈ బేరం కొంచెం వింతగానే ఉంటుంది.

లెక్క ఎంత గట్టిదో చూడండి. 1150లో భాస్కరాచార్యుడు తన లెక్కల పుస్తకం లీలావతి మొదట్లోనే కొలతలు చెప్తాడు: ఇరవై గవ్వలు ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణం. అంటే పణానికి ఎనభై. ఆరున్నర వందల ఏళ్ళ తర్వాత ఇంగ్లీషు వాళ్ళు ఒడిశాలో దిగేసరికి అక్కడ సంతలో లెక్క నాలుగు గవ్వలు ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం. మళ్ళీ ఎనభయ్యే. పదహారు పణాలు ఒక కహణం, నాలుగు కహణాలు ఒక రూపాయి. అంటే రూపాయికి 5120 గవ్వలు. నా సర్వీసులోనే ఐదు పైసలు, పది పైసలు, పావలా చెల్లకుండా పోవడం చూశాను. పణానికి ఎనభై అన్న మాట మాత్రం రాజ్యాలు మారినా కదల్లేదు.

కాకపోతే బరువు. గవ్వ ఒక్కోటీ గ్రాము పైచిలుకు తూగుతుంది. ఆ లెక్కన రూపాయి ఆరు కేజీలకి అటూ ఇటూ. మిరపకాయలూ ఉప్పూ కొనుక్కోడానికి హాయిగా ఉంటుంది, శిస్తు కట్టడానికి నరకం. 1778లో ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న సిల్హెట్‌కి కలెక్టరుగా వెళ్ళిన రాబర్ట్ లిండ్సే అనే ఆయన తన అవస్థ రాసుకున్నాడు. జిల్లా శిస్తు రెండున్నర లక్షల రూపాయలు, మొత్తం గవ్వల్లోనే వచ్చేది. రూపాయికి 5120 చొప్పున గుణించండి, 128 కోట్ల గవ్వలు. వాటికి గోదాములు, వాటికి కాపలా, ఏడాదికోసారి పడవల బారు కట్టి ఢాకాకి తోలడం. దారిలో దొంగతనాలు కాకుండానే పదో వంతు నష్టమట. సిల్హెట్ చూస్తే సముద్రానికి ఎంతో దూరం, కొండల మొదట్లో ఉంది. ఒకసారి మా బ్రాంచిలో చిల్లర సంచులు స్ట్రాంగ్ రూమ్ నిండిపోయి తలుపు తెరవడానికి చోటు లేకపోతే, మేనేజరు గారి టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆయనకి ఈ లిండ్సే కథ చెప్పి ఉంటే కొంత ఊరట దక్కేది.

మన డెల్టాకి ఈ గవ్వల వ్యాపారంతో సంబంధం లేదనుకోకండి. డచ్చి ఈస్టిండియా కంపెనీ వాళ్ళు పాలకొల్లులో, కాకినాడ పక్కన జగన్నాథపురంలో కోఠీలు పెట్టి మన నేతబట్టలు కొన్నారు. అదే కంపెనీ సిలోన్‌లో మాల్దీవుల గవ్వలు కొని, ఓడ అడుగున బరువు కోసం నింపి ఆంస్టర్‌డామ్ తీసుకెళ్ళేది. అక్కడ వేలం. వేలంలో కొన్నవాళ్ళు పశ్చిమ ఆఫ్రికా ఓడల్లోకి ఎక్కించేవారు. ఆ తీరంలో గవ్వ అంటే రొక్కం. కోరమాండల్ బట్టలూ ఈ గవ్వలూ కలిపి ఇచ్చి అక్కడ కొన్నది మనుషుల్ని. బానిసలుగా కొని అమెరికా వైపు తోలేసేవారు. పిల్లకి మాల్దీవుల కథ వరకూ చెప్పి, ఇది చెప్పకుండా ఆగిపోయాను. పెద్దయ్యాక చదువుకుంటుంది.

ఆఫ్రికాలో గవ్వని చంపింది గవ్వే. దీనికి దగ్గర చుట్టం ఒకటుంది, వీపు మీద బంగారు రంగు వలయం ఉంటుంది, మోనెటేరియా యాన్యులస్ అంటారు. ఆఫ్రికా తూర్పు తీరంలో, జాంజిబార్ వైపు కుప్పలు తెప్పలు, ధర కారుచౌక. 1845 నుంచి యూరపు వర్తకులు దాన్ని ఓడల కొద్దీ పశ్చిమ తీరానికి తోలారు. మొదట్లో లాభమే లాభం. తర్వాత సంతకెళ్ళాలంటే బుట్టలు మోసే మనిషి కావాలి, ఆ మనిషి కూలికి ఇంకో బుట్ట కావాలి. నోట్లు ఎక్కువ అచ్చేస్తే ఏమవుతుందో మాకు బ్యాంకు పరీక్షల్లో పేజీలకి పేజీలు చదివించారు. ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

ఒడిశాలో ఇంకో రకంగా పోయింది. 1803లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, కొన్నేళ్ళకి శిస్తు వెండి రూపాయల్లోనే కట్టాలన్నారు. రైతు దగ్గర ఉన్నది గవ్వలు. వెండి కొనడానికి అందరూ ఒకేసారి పరిగెత్తేసరికి రూపాయికి ఇవ్వాల్సిన గవ్వలు పెరిగిపోయాయి. భూమి అదే, పంట అదే, శిస్తు మాత్రం పెరిగినట్టయింది. 1817లో బక్షి జగబంధు నాయకత్వంలో పైకులు, అంటే అక్కడి పాత రాజుల సిపాయిలు, తిరగబడ్డారు. దానికి చెప్పే కారణాల్లో భూములు లాక్కోవడం, ఉప్పు ధరలతో పాటు ఈ గవ్వల గొడవ కూడా ఉంటుంది. సర్కారు తీసుకోనన్న డబ్బుని సంత ఎంతకాలం మోస్తుంది?

మన దగ్గర ఇది తిరగబడింది. పది రూపాయల బిళ్ళ సర్కారు తీసుకుంటుంది, సంత తీసుకోదు. అన్ని డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటన ఇచ్చింది. దాని కాపీ కౌంటర్ అద్దానికి అంటించాం. అయినా కూరగాయల బజారులో, ఆటో దగ్గర, "ఇది నడవదండి, నోటివ్వండి". ఎందుకు నడవదంటే ఎవరూ తీసుకోరని. ఎవరూ ఎందుకు తీసుకోరంటే నడవదని. రిటైరయ్యాక కూడా నేను పట్టుదలగా బిళ్ళలే ఇస్తాను, దాని కోసం మా ఆవిడ నాతో బజారుకి రావడం మానేసింది.

ఇప్పుడు గవ్వ మళ్ళీ ఖరీదైపోయింది, ఇంకో దారిలో. ఆన్‌లైన్లో లక్ష్మీ గవ్వలని అమ్ముతున్నారు. పదకొండో ఇరవై ఒకటో ఎర్ర గుడ్డ సంచిలో పెట్టి, శక్తి ఎక్కించామని ఒక కాగితం జత చేస్తారు. తీర్థంలో ఆ డబ్బుకి డబ్బాడొస్తాయి. ధర మాట అలా ఉంచి, వాటిలో ప్లాస్టిక్‌వి కూడా కలుస్తున్నాయి. భాస్కరాచార్యుడి కాలంలో కుదరని దొంగ డబ్బు ఇప్పుడు కుదిరింది. కనిపెట్టడం కష్టం కాదు. అసలు గవ్వ చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతుంది, గచ్చు మీద వేస్తే టంగుమంటుంది, పళ్ళు ఏ రెంటికీ ఒకేలా ఉండవు. అచ్చులో పోసినవి అయితే పది గవ్వలకీ ఒకే పళ్ళు. ఇంకా అనుమానముంటే అడుగున ఓ మూల నిమ్మరసం చుక్క వేయండి. సున్నం కాబట్టి సన్నగా నురగ పొంగుతుంది. వెంటనే కడిగేయండి, లేకపోతే అక్కడ మెరుపు పోతుంది.

మా పక్కింటి వదినగారు దీపావళికి అలాంటి సంచి ఒకటి తెప్పించి, పూజ అయ్యాక నాకు చూపించడానికి తెచ్చారు. చేతిలోకి తీసుకోగానే తేలిపోయింది, బరువు లేదు. అయినా ఆవిడ ఎదురుగానే నిమ్మకాయ కోసి చుక్క వేశాను. నురగ లేదు, చప్పుడు లేదు. "వదినగారూ, ఇవి ప్లాస్టిక్. ఇంకా టైముంది, రిటర్న్ పెట్టేయండి" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి సంచి లాక్కుని కొంగుతో తుడిచి మూతి బిగించారు. "పూజలో పెట్టినవి వెనక్కి పంపుతారా అన్నయ్యగారూ, అమ్మవారు ఏమనుకుంటుంది?" అని వెళ్ళిపోయారు.